చెయ్యెత్తి ఆపిన పిలుపు

రెండేళ్ల క్రితం చలికాలంలో, మా ఊరి చేపల చెరువుల మీద జరిగిందిది. చేపలు పట్టేశాక నీళ్లు తోడేసిన చెరువుల్లో కొంగలు దిగుతాయి. ఏటా వాటిని పదేసి చొప్పున లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. చప్పుడైతే లేచిపోతాయి, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఆ ఉదయం తొలిసారి మా ఆవిడా వచ్చింది. గట్టు మీద కూర్చుని లెక్కలో మూడు వందలు దాటాను. వెనక నుంచి "ఏవండీ" అని మెల్లగా పిలిచింది. తిరగకుండానే చెయ్యెత్తి ఆగమన్నాను. కాసేపటికి మళ్లీ "ఏవండీ" అంది. మళ్లీ చెయ్యెత్తాను.

నాలుగు వందల ఇరవై దగ్గర లెక్క ముగించి తిరిగితే, వెనక చెరువులో ఆమె నడుం దాటి బురదలో దిగబడి ఉంది. నా కోసం ఓ పొడవాటి ఈక ఏరబోయి, ఎండినట్టు కనిపించిన మట్టి మీద అడుగేసిందట. చెయ్యి పట్టి లాగితే నా కాళ్లూ మోకాళ్ల దాకా కూరుకుపోయాయి. ఆమె ఇంకా కిందికి జారింది. గొంతు చించుకుని అరిచాను.

చెరువు కాపలాదారు కొబ్బరి మట్టలతో పరుగెత్తుకొచ్చాడు. "కదలకండి బాబుగారూ! ఇద్దర్నీ లాగడం నావల్ల కాదండి!" అంటూ మట్టలు పరిచి, అరగంటకి ఆమెను బయటికి తీశాడు.

"అరవలేదేంటమ్మా?" అన్నాడు.

"అరిస్తే ఆయన కొంగలు లేచిపోవూ?" అంది వణుకుతూ.

నాకు వినబడలేదని ఊళ్లో అందరికీ చెప్పాను. రెండుసార్లూ వినబడింది. ఆ సంగతి తెలిసీ ఆమె నేటి వరకు ఎవరితోనూ అనలేదు.