సున్నపు గీత మీద విభీషణుడు

మా తాత కైలాసం నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "సరే." ఎవరేమడిగినా అదే. ఒకే రోజు రెండు పెళ్లిళ్లకు వస్తానని మాటిచ్చి, ఎటు పోతే ఎవరికి కోపమొస్తుందోనని ఇంట్లో ముసుగు తన్ని పడుకున్న మనిషి. ఏడో తరగతి తప్పిన నాకే అంతకన్నా తెలివుంది. అట్లాంటి తాత జన్మకొక్కసారి ఒక పక్షం ఎంచుకున్నాడు. అప్పటికి నేను పుట్టలేదు. తాత పెళ్లాం, మా బాపమ్మ అనసూర్య చెప్పగా విన్నదే ఇదంతా.

ఎనభైల్లో వేములవాడ దగ్గరి మా ఊళ్లో అందరి బతుకూ సాంచాల మీదే. మరమగ్గాలను మావైపు అట్లాగే అంటారు. తాత పర్శరాములు అనే ఆసామి షెడ్డులో నేసేవాడు. ఆ ఎండాకాలం ఊరివాళ్లు చిరుతల రామాయణం కట్టారు. చిరుతలనే చెక్క తాళాలు వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ మగవాళ్లు ఆడే ఆట. ఆసామి పర్శరాములు రావణుడు. కూలి పెంచాలని నేతవాళ్లను కూడగడుతున్న అంజన్న రాముడు. తాతకు విభీషణుడి వేషం. అన్న చేత తన్నులు తిని, లంక విడిచి, రాముడితో కలవాలి.

పట్టాభిషేకం దాకా వేషగాళ్లను అసలు పేర్లతో పిలవకపోవడం మా ఊరి పద్ధతి. హోటల్లో చాయ్ తాగుతున్నా "విభీషణా, జర జరుగు" అనాల్సిందే. నెల రోజులు అట్లా పిలిచేసరికి, ఆటలో జరిగింది ఊళ్లో జరిగినట్టే లెక్క.

ఆదివారం ఆట. సోమవారం నుంచి సమ్మె. ఎవరితోనూ తగవు లేని తాత ఎటుంటే షెడ్డులో సగంమంది అటే ఉంటారు. ఈ సంగతి ఆసామికీ, అంజన్నకూ తెలుసు.

"విభీషణా, నీ చేతిమగ్గం మూలవడ్డనాడు పిలిచి సాంచ అప్పజెప్పింది ఎవలు?" అన్నాడు ఆసామి. "ఆటల నేను నిన్ను తన్న. నువ్వు నా దిక్కే కూసో. రాముని దిక్కు పోయినవంటే మళ్ల నా షెడ్డు గడప తొక్కద్దు."

"సరే."

సందు మలుపులో అంజన్న పట్టుకున్నాడు. "మామా, నువ్వు గిటు దాటితే సోమారం ఒక్క సాంచ నడువది. దాటలేవనుకో, మేం మునిగినట్టే."

"సరే."

ఆ పూట తాత కంచం ముందు కూర్చుని బాపమ్మకు అంతా చెప్పాడు.

"ఇద్దరికీ సరే అన్నవా?" అంది బాపమ్మ.

"అన్న."

"నన్ను చేసుకునేటప్పుడు గూడ గట్లనే అన్నవు. ఇంకెవలకన్న అన్నవేమోనని నాకు ఇప్పటికీ ఫికరే."

"పరాచకాలు ఆపే. అటు పోతే బువ్వ పోతది. ఇటుంటే మందికి మొకం ఎట్ల సూపెట్టుడు? నువ్వన్న చెప్పు."

"నేను చెప్తే రేపు నా మీదేస్తవు. నేను జెప్ప."

ఆదివారం ఎండ తగ్గకముందే జనం మూగారు. నేల మీద సున్నంతో పొడుగ్గా గీసిన గీతే సముద్రం. ఇటు లంక, అటు రాముడు. అటువైపు నేతవాళ్ల ఆడవాళ్లు హారతి పళ్లాలు పట్టుకుని నిలబడ్డారు.

సీతను అప్పగించమని తాత పాట అందుకున్నాడు. పాట అయిపోగానే రావణుడు లేచి తన్నాలి. పర్శరాములు లేవలేదు. మీసం కింద నవ్వుతూ, "తమ్ముడా, నీ మాట మంచిదే. వచ్చి నా పక్కన కూసో" అన్నాడు.

చిరుతలు ఆగిపోయాయి. ఆట నేర్పిన పంతులు "తన్నాలె, తన్నాలె" అని గొణుగుతున్నాడు. తన్నకపోతే విభీషణుడు ఏ సాకుతో పోతాడు? అంజన్న విల్లు బిగించి పట్టుకున్నాడు. తాత మొహం మీది రంగు చెమటకు కారుతోంది. గీతవైపు చూశాడు, ఆసామివైపు చూశాడు. మెల్లగా పోయి ఆసామి కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"అయిపాయె. నీ మొగడు కాళ్ల మీద పడ్డడు" అంది పక్కనున్న దేవవ్వ. బాపమ్మ కళ్లు మూసుకుంది.

తాత ఆసామి కుడికాలిని రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకున్నాడు. అదే కాలిని రొమ్ముకు ఆనించుకుని వదిలేసి, తన్ను తిన్నట్టు వెల్లకిలా పడి రెండు పొర్లు పొర్లాడు. "అన్నా! తన్నితివా!" అని ఊరదిరేలా అరిచి, కిరీటం ఊడిపోతుంటే పట్టుకుని, ఒక్క పరుగున గీత దాటాడు. జనం విరగబడి నవ్వారు. ఆసామి కాలు ఇంకా గాల్లోనే ఉంది.

సోమవారం ఒక్క సాంచా నడవలేదు. కొన్ని వారాలకు రాజీ కుదిరి, కూలి కొంచెం పెరిగింది. షెడ్డు తెరిచిన పొద్దున ఆసామి గుమ్మంలో నిలబడి, "అందరు రాండ్రి. విభీషణుడు తప్ప" అన్నాడు.

ఒక్కొక్కరే లోపలికి పోయారు. అంజన్న కూడా తల వంచుకుని పోయాడు. సద్దిగిన్నె పట్టుకుని వెంటవచ్చిన బాపమ్మకు ఒళ్లు మండిపోయింది. తాత మాత్రం గోడ నీడన కూర్చున్నాడు.

ఎంతసేపైనా లోపల సాంచాల చప్పుడు లేదు. ఆసామి లోపలికి పోయి చూశాడు. అందరూ ఎవరి సాంచ దగ్గర వాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. స్విచ్చి వేసినవాడు లేడు. ఆసామి తిట్టాడు, బతిమాలాడు, మళ్లీ తిట్టాడు. చివరికి బయటికొచ్చి, తాత మొహం చూడకుండా, "రా" అన్నాడు.

రమ్మన్నాడు గానీ, మాటిమాటికి పోగు తెగే మూల సాంచనే ఇచ్చాడు. తాత ముసలాడయ్యేదాకా దాని మీదే నేశాడు. రోజూ ఇంటికొచ్చి దాన్ని తిట్టేవాడు.

"గా విభీషణునికి లంక రాజ్యం దొరికింది. నీకేం దొరికింది?" అని బాపమ్మ ఎత్తిపొడిచేది.

"మూల దొరికింది. పక్కన కిటికుంది. గాలి మంచిగొస్తది" అనేవాడు తాత.