బాణం మొనల నలుపు

మొన్న ఉదయం ఆరున్నరకి ఇత్తడి చెంబు తోముతూ చింతపండు పిప్పి నలిపితే, ఆ పులుపు వాసనకి మళ్లీ నా మీద నాకు చిరాకు పుట్టింది. ఇరవై ఏళ్లు దాటినా అది తగ్గలేదు.

మా తాతయ్య అడవిపొలం అనే ఊళ్లో కూలిపని చేసేవాడు. వానలు పడి చేలల్లో నీరు నిలిచి, చేల పక్క చిన్న కాలవలైన పంటబోదెల్లోకి కొరమేను ఎక్కే రోజుల్లో మాత్రం, చేపలు కొట్టడానికి చూరులోంచి వెదురు విల్లు దించేవాడు. బాణమంటే రెల్లు పుల్ల చివర ఇనప మొన, దానికి రెండు వైపులా వెనక్కి తిరిగిన ముళ్లు. పుల్లలు తేమకి చీలిపోయి ఏడాదికి పది మారేవి. మొనలు మాత్రం ఎప్పుడూ ఆ ఐదే, వాటిలో మూడు ఆయన నాన్న వాడినవి. సముద్రం పోటు వచ్చినప్పుడు బోదె నీళ్లు ఉప్పబారతాయి కాబట్టి, ఇంటికి రాగానే కాళ్ల బురదైనా కడుక్కోకుండా మొనల్ని పంపు నీళ్లతో కడిగి, ఇసకలో రుద్ది, ఊకనిప్పు మీద వెచ్చచేసి, ఆముదం పట్టించి, కొత్త పుల్లలకి దారంతో బిగించేవాడు. లోపల మా అత్త పులుసుకి అల్లం దంచుతుంటే నేను ఆముదం గుడ్డ పట్టుకుని ఆయన పక్కన కూర్చునేదాన్ని.

నాకు పదకొండేళ్లప్పటికి ఆయన కళ్లకి శుక్లాలు ముదిరి వేట ఆగి రెండేళ్లయింది. మొనలు డబ్బాలో తుప్పుపట్టాయి. కాకినాడలో ఆపరేషన్‌కి బయల్దేరుతూ, "కళ్లొచ్చేక బోదికెళ్దామే, బుట్ట నువ్వే పట్టాలి" అన్నాడు. ఆయన తిరిగొచ్చేసరికి మొనలు సిద్ధం చెయ్యాలనుకున్నాను. మా ఇంట్లో శుభ్రం అంటే మెరవడమే, క్రిస్మస్ ముందు ఇత్తడి సామాను తోముకోవడమే. మొనల్ని ఉప్పు కలిపిన చింతపండు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, ఇటుకపొడి వేసి పీచుతో తోమాను. వేళ్లు పగిలాయి గానీ ఎరుపూ నలుపూ రెండూ వదిలాయి.

"అబ్బో, కొత్త చెంచాల్లా ఉన్నాయే! మీ తాత మురిసిపోతాడు" అంది అత్త.

తాతయ్య వచ్చి ఒక మొన తీసుకుని బొటనవేలితో ముల్లు తడిమాడు.

"నల్లది కూడా తీసేసేవేటే?"

"తుప్పు కదా తాతా!"

"ఎర్రది తుప్పే. నల్లది మా నాన్న పట్టించిన నూనె, నేను పట్టించిన నూనె" అని నవ్వాడు. "కళ్లు బాగుసేయించుకొచ్చేసరికి ముళ్లు అరిగిపోయేయి."

మళ్లీ కాచి ఆముదం పట్టించాడు. కానీ పులుపు తిని సన్నబడ్డ ముళ్లు లావెక్కవు కదా. నెల తర్వాత బోదెకి వెళ్లాం. ఊపిరికోసం పైకొచ్చిన కొరమేనుకి మొదటి బాణమే తగిలింది. చేప ఒక్కసారి గింజుకుంది, ముల్లు వంగిపోయింది, చేప జారి గాయంతోనే నీళ్లలోని తూటికాడ పొదలోకి దూరిపోయింది. దెబ్బతిన్నదాన్ని వదిలేసి రావడం ఆయన ఎరగడు. మధ్యాహ్నందాకా మోకాలిలోతు నీళ్లలో చేతులతో వెతికాడు. నేను ఖాళీ బుట్టతో గట్టు మీద నిలబడ్డాను.

కొత్త మొనలకోసం కమ్మరి ఇంటికి వెళితే కొలిమి తీసేసి ఉంది. కొడుకు గేట్లు వెల్డింగ్ చేస్తున్నాడు. "ఇంత సన్నపు పని ఎవడు సేత్తాడు తాతా? గేలం కొనుక్కో" అన్నాడు.

ఆ తర్వాత వీధిలో ఎవరు వేట సంగతి అడిగినా తాతయ్య నా పేరెత్తకుండా, "కన్ను ఆనటం లేదురా, ఆపరేషన్ కుదర్లేదు" అనేవాడు. అవతలి గట్టు మీది కొంగ ఏ కాలు మడిచిందో చెప్పగల మనిషి ఆ మాట అంటుంటే, నేను పక్కనే ఉండి నోరు విప్పలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. పోయేదాకా తిట్టలేదు. ఇప్పటికీ మా ఇంట్లో ఆపరేషనే పాడైందనుకుంటారు. ఆమధ్య అత్తకి నిజం చెప్పాను. "పోన్లేవే, చేపలదేముంది, బజార్లో దొరకవా?" అని టీవీ వైపు తిరిగింది.

ఆ చేలల్లో చాలావరకు రొయ్యల చెరువులయ్యాయి. మిగిలిన బోదెల్లో వానాకాలం కొరమేను ఇంకా ఎక్కుతుందట. బాణంతో ఎవరూ కొట్టరు.