నవగ్రహాల్లో భూమి ఏది?

ముప్పై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాను. విశ్వానికి కేంద్రం భూమి కాదు, సూర్యుడు అని చెప్పిన పోలండ్ ఖగోళ శాస్త్రవేత్త పాఠం వచ్చినప్పుడల్లా నాదొక ముక్తాయింపు ఉండేది. "ఆయన ఐదొందల ఏళ్ళ కిందట చెప్పాడు. మరి మన గుళ్ళో నవగ్రహాల మధ్యలో ఎవరున్నారు? సూర్యుడు! మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు." పిల్లలు చప్పట్లు కొట్టేవారు. తనిఖీకి వచ్చిన అధికారి కూడా ఒకసారి కొట్టాడు.

కిందటి వేసవికి ముందు అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఏడో తరగతి చదివే మనవరాలికి స్కూల్ సైన్స్ ఫెయిర్‌లో సరిగ్గా ఆ శాస్త్రవేత్తే టాపిక్‌గా వచ్చాడు. మొదటి ముగ్గురూ కౌంటీ పోటీకి, అంటే మన జిల్లా స్థాయి లాంటిదానికి, వెళ్తారు. అంతకుముందు ఏడాది పిల్ల నాలుగో స్థానంలో ఆగిపోయి రెండు రోజులు సరిగా అన్నం తినలేదట. ఈసారి ఎలాగైనా వెళ్ళాలని పట్టుదలగా ఉంది. నేను నా ముక్తాయింపు వినిపించాను.

"వావ్ అమ్మమ్మా! ఇది ఇంకెవరి బోర్డ్ మీదా ఉండదు!"

ఆదివారం ఫోటో కోసం గుడికి వెళ్ళాం. పూజారి గారిని అడిగి, నవగ్రహాలను నాలుగు వైపుల నుంచీ ఫోన్‌తో తీసుకుంది. తర్వాత నా వెనకే ప్రదక్షిణలు మొదలుపెట్టింది. మూడో చుట్టులో నా చీర కొంగు లాగింది.

"అమ్మమ్మా, ఇందులో ఎర్త్ ఏది?"

ఆగి విగ్రహాల వైపు చూశాను. మధ్యలో సూర్యుడు. చుట్టూ చంద్రుడు, కుజుడు, బుధుడు, గురువు, శుక్రుడు, శని, రాహువు, కేతువు. భూమి లేదు. ఎందుకుంటుంది? భూమ్మీద నిలబడి ఆకాశంలోకి చూసినవాళ్ళు లెక్కపెట్టిన తొమ్మిది అవి. సూర్యుడూ ఆ తొమ్మిదిలో ఒకడే. పెద్దవాడు కనుక మధ్యలో కూర్చోబెట్టారు. భూమి చుట్టూ తిరిగే చంద్రుణ్ణి తీసుకెళ్ళి సూర్యుడి పక్కన పెట్టారు. ఇది తెలుసుకోవడానికి ఫిజిక్స్ డిగ్రీ అక్కర్లేదు. ఎన్ని వందల సార్లు ఆ విగ్రహాల చుట్టూ తిరిగానో, ఒక్కసారైనా నిలబడి చూసిన పాపాన పోలేదు.

"ప్రదక్షిణ మధ్యలో ఆ మాటలేమిటి? ముందు దణ్ణం పెట్టుకో" అని కసిరాను.

సోమవారం చెబుదామనుకున్నాను. నేను మేడ దిగేసరికి అది ఫోటో పెద్దదిగా ప్రింట్ చేసి బోర్డ్ మధ్యలో అంటించేసింది. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంగ్లీషులో ఒక లైను రాసింది. ఆధారం: మా అమ్మమ్మ, ఫిజిక్స్ టీచర్. మంగళవారం చెప్పడానికే కిందికి దిగాను. అప్పుడే మా అమ్మాయి ఫోన్‌లో ఎవరితోనో, "ఈసారి మా అమ్మ హెల్ప్ చేస్తోంది కదా, నాకేం టెన్షన్ లేదు" అంటోంది. వచ్చిన దారినే మేడెక్కేశాను. బుధవారం పప్పులో ఉప్పెక్కువైందని అల్లుడి ముందే అమ్మాయి మీద అరిచాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

తప్పు ఒప్పుకోవాలంటే నాకు చచ్చేంత చిన్నతనం. ఆ శాస్త్రవేత్త కూడా లోకం నవ్వుతుందన్న భయంతో తన పుస్తకాన్ని ఏళ్ళ తరబడి బయటపెట్టలేదు, అది అచ్చయ్యేసరికి మంచాన పడ్డాడు. ఆయన్ని తలుచుకుని నన్ను నేను సమాధానపరుచుకోబోయాను. కుదరలేదు. ఆయన దాచుకుంటే నష్టం ఆయనకి. నేను దాచుకుంటే అభాసుపాలయ్యేది పన్నెండేళ్ళ పిల్ల.

గురువారం మధ్యాహ్నం స్కూల్ జిమ్‌లో బోర్డులన్నీ వరుసగా నిలబెట్టారు. నెరిసిన జుట్టున్న ఒక జడ్జి ఒక్కో బోర్డ్ దగ్గరా ఆగి ప్రశ్నలు వేస్తూ వస్తోంది. ఎవరినీ ఊరికే వదలడం లేదు. మాకు ఇంకా రెండు బోర్డుల దూరంలో ఉండగా మనవరాలి భుజం తట్టాను.

"ఒక్కసారి ఇటు రా, నీకో మాట చెప్పాలి."

"నాట్ నౌ అమ్మమ్మా, వచ్చేస్తున్నారు!"

ఇంకొక్క బోర్డ్ ఉంది.  ఆవిడ మా ముందుకొచ్చింది. పిల్ల తడుముకోకుండా గడగడా చెప్పింది. ఆవిడ తల ఊపుతూ విని, ఫోటో దగ్గరికి వంగి, మధ్యలో ఉన్నది సూర్యుడైతే వీళ్ళలో భూమి ఎవరని అడిగింది.

మనవరాలు నా వైపు తిరిగింది. అమ్మమ్మకి తెలుసు, చెబుతుంది అన్నట్టు చూసింది. ఆ చూపు నేను భరించలేకపోయాను.

నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పేశాను. భూమి అందులో లేదని, ఆ తప్పు పిల్లది కాదు నాదని, ఆదివారమే అది నన్ను ఇదే ప్రశ్న అడిగితే నోరు మూయించానని. పక్క బోర్డుల దగ్గరున్న తల్లిదండ్రులు కూడా తలలు తిప్పి చూశారు. జడ్జి మనవరాలితో మంచి ప్రశ్న అడిగావని చెప్పి, ఏదో రాసుకుని ముందుకు వెళ్ళిపోయింది.

గెలిచిన ముగ్గురిలో మా పిల్ల లేదు. బోర్డ్ మడిచి చంకలో పెట్టుకుని, నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది. మా అమ్మాయి కార్ తేవడానికి వెళ్ళింది. గేటు దగ్గర మేమిద్దరమే నిలబడ్డాం.

"సండే నుంచి నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఇన్నేళ్ళూ తప్పు చెప్పానంటే నువ్వు నవ్వుతావనిపించింది. సిగ్గేసింది."

"నేను నవ్వను అమ్మమ్మా." కళ్ళు తుడుచుకుంది. "మండే ఫోటో పెడుతుంటే నాకు మళ్ళీ డౌట్ వచ్చింది. మూన్ ఉంది, ఎర్త్ లేదు, రాంగ్ కదా అనుకున్నా. నువ్వు అరుస్తావ్ అని అడగలేదు."

నామీద ఉన్నది నమ్మకం అనుకున్నాను. అందులో సగం భయమని అప్పుడు తెలిసింది. పిల్ల చేతులు రెండూ పట్టుకుని క్షమించమని అడిగాను. అది చేతులు వెనక్కి తీసుకోలేదు.