దుప్పటి ఎత్తని డాక్టర్లు

మా జజ్జా, అంటే మా అమ్మమ్మ, ప్రొఫెసర్ ఎసెజా నాల్వోగా, జీవితమంతా మెడికల్ కాలేజీలో శస్త్రచికిత్స చెప్పింది. దేవుడు ఆమెకిచ్చిన ఆస్తి అసహ్యం. చేతులు జేబుల్లో పెట్టుకుని రోగి పక్కన నిలబడే విద్యార్థి అంటే అసహ్యం. కుళ్లిన పుండు దగ్గర ముక్కు మూసుకునేవాడంటే మరీ అసహ్యం. వాణ్ణి వార్డు బయటికి నెట్టి, బ్యాంకులో పని చూసుకో, అక్కడ ఎవరికీ చీము కారదు అనేది. బడి మధ్యలో మానేసిన నన్ను మాత్రం ఏమీ అనలేదు. నేను రోగుల జోలికి పోనని ఆమె ధైర్యం.

మొన్నటి వానల్లో చెప్పు ఒరుసుకుని జజ్జా బొటనవేలు పుండైంది. షుగరు వల్ల పాదానికి స్పర్శ లేదు, కళ్లు మసక. పుండు కట్టు కిందే పైకి పాకింది. నన్ను కట్టు విప్పనివ్వలేదు. డాక్టర్లు వస్తారుగా అంది.

వచ్చారు. ఆమె దగ్గర చదివి పెద్దవాళ్లైనవాళ్లంతా మేముండే మకిండే గుట్ట ఎక్కి మా ఇంటికి కార్లలో వచ్చారు. పెద్దల ముందు మా ఆచారం ప్రకారం ఆడ డాక్టర్లు చాప మీద మోకరిల్లారు, మగవాళ్లు గుమ్మంలో వంగారు. ఇంట్లో అందరూ బాగేనా, నిద్ర పట్టిందా, వానలెలా ఉన్నాయి అని పలకరింపులు సాగాయి. పెద్దల ఇంటికి వట్టి చేతులతో రాకూడదు కదా, ఒక్కొక్కరూ ఒక్కో చక్కెర పొట్లం తెచ్చారు. షుగరు మనిషికి! గురువు కాలు చూడటం అమర్యాద అనుకుని ఒక్కరూ దుప్పటి ఎత్తలేదు. కంపుకి మాత్రం చేతిరుమాళ్లు తీశారు. వాళ్లు వెళ్లగానే జజ్జా గోడవైపు తిరిగి, "సున్నా," అనేది.

"నువ్వే చూపించొచ్చు కదా జజ్జా?"

"అడగనివాడికి చూపించడానికి ఇదేమన్నా సంతలో మేకా?"

తరవాత జ్వరం వచ్చింది. కట్టు చుట్టూ ఈగలు. ఇంట్లో కంపు భరించలేక నా మటోకే పళ్లెం, ఉడికించిన అరటికాయ ముద్ద, పట్టుకుని పక్కింటి పందుల దొడ్డి దగ్గర కూర్చుని తిన్నాను. అక్కడే నయం. ఇంకో పెద్ద డాక్టరు మోకరిల్లితే ఈమె చచ్చిపోతుందని అర్థమై, బజారు వెనక చిన్న క్లినిక్ నడిపే కిగ్గుండు దగ్గరికి పరుగెత్తాను. జజ్జా అతణ్ణి రెండుసార్లు ఫెయిల్ చేసింది.

"మీ జజ్జా నా మొహం చూడదు," అన్నాడు.

"మొహం ఎవరు చూపించమన్నారు? కాలు చూడు."

వచ్చాడు. పలకరించలేదు, వంగలేదు, నోట్లో చూయింగ్ గమ్. తిన్నగా దుప్పటి లాగి, కట్టు కత్తిరించి, పుండు దగ్గర ముక్కు పెట్టాడు. అతను మడమ పైన వేళ్లతో నొక్కుతూ పోయాడు.

"ఎవర్రా అది?" అంది జజ్జా.

"కిగ్గుండుని. మీరు పరీక్షలో తప్పించినవాణ్ణి."

"మూడోసారీ తప్పించాల్సింది. ఏం చూశావు?"

"పాదం చచ్చిపోయింది. పైన నొక్కితే చర్మం కింద గాలి చిటపటలాడుతోంది. ఇవాళే మోకాలి కింద తీసెయ్యాలి. రేపైతే మోకాలి పైన. ఎల్లుండి నన్ను పిలవక్కర్లేదు."

"ఎక్కడ?" అంది జజ్జా. అతను పిక్క మీద వేలితో గీశాడు. ఆమె తడుముకుని ఆ వేలు పట్టుకుంది. "ఎముక ఇక్కడ కొయ్యి. చర్మం ఇంకాస్త కిందిదాకా ఉంచు, లేకపోతే దేంతో కప్పుతావు?"

కిగ్గుండు వ్యానులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి పెద్ద సర్జన్, జజ్జా శిష్యురాలే, వరండాలో మోకరిల్లబోయింది. "లే. వెళ్లి చేతులు కడుక్కో. వీడు పక్కన నిలబడతాడు," అంది జజ్జా. కాలు పోయింది, మనిషి మిగిలింది. కుట్లు మాత్రం గోనెసంచి కుట్టినట్టున్నాయని ఇద్దర్నీ తిట్టింది.

శిష్యులు ఇప్పటికీ వస్తారు. జజ్జా ముందుగా ఆ మొండికాలు ముక్కాలిపీట మీద పెడుతుంది. చూసి, ముట్టుకుని, ఏదైనా అడిగినవాళ్లకే టీ ఇవ్వమని నాకు ఆజ్ఞ. పోయిన ఆదివారం చాప నిండా జనం. నేను ఒక్క కప్పే కడిగాను.