వంతెన దిగితే వచ్చే కరెంటు

మా లాజరు గారికి ఒకటే పిచ్చి, పల్లం. ఎక్కడైనా కనిపిస్తే కారు దింపాల్సిందే. బల్లపరుపు పాలకొల్లులో పల్లం ఎక్కడిదంటారా, చించినాడ వంతెన ఉందిగా. పాల ప్యాకెట్టుకి కూడా అటే వెళతారు.

కారణం ఆయన హైబ్రిడ్ కారు. పల్లంలో బ్రేకు తొక్కితే చక్రాలే కరెంటు పుట్టించి బ్యాటరీలో పోస్తాయి. "చచ్చి లేవడం మా పేరులోనే ఉందిరా గణేష్‌బాబూ. బైబిల్లో లాజరు లేవలేదూ?" అనేవారు.

బరువెక్కువైతే కరెంటూ ఎక్కువట. అందుకే నన్ను ఎక్కించుకునేవారు. ఇంజనీరింగు కాలేజీ నన్ను మోయలేక రెండో ఏటే దించేసింది గానీ, ఆ కారు మోసింది. నేను వంతెన దిగిన సాయంత్రం నరసాపురం దాకా వీధిదీపాలు వాటంతటవే వెలిగాయి. కావాలంటే ఎవరినీ అడక్కండి.

దిగుతుంటే ఇంజను ఆగిపోతుంది. చప్పుడుండదు. కింద గోదావరి, గట్టున కొబ్బరినీడలు మన ఒళ్ళో వాలి లేచిపోతుంటాయి. కొంగలు మమ్మల్ని పడవనుకుని కదలవు. "వస్తోంది, వస్తోంది," అని లాజరు గారు మీటరుకి జోలపాడుతుంటే నాకు కళ్ళు మూతలు పడేవి.

ఒక మంగళవారం వంతెన మీద, అవతలి గట్టున లేసు అల్లుకునే తబితమ్మ గారు కుంటుతూ కనిపించారు. వంతెన దాటి, బస్సెక్కి, నరసాపురంలో లేసు ఇచ్చొస్తారు. మోకాళ్ళు అరిగాయి. నడక ఆగితే అల్లికా ఆగుతుంది. అయినా ఎవరి బండీ ఊరికే ఎక్కరు. లాజరు గారు కారాపి ఎక్కమన్నారు.

"వద్దండి, నడుస్తాను."

"బరువు చాలక బ్యాటరీ నీరసపడిందమ్మా. ఎక్కి కాస్త సాయం చెయ్యండి."

ఆవిడేమో లేసు సూదంత మనిషి. సాయమన్నారుగా, ఎక్కారు. ఇక ప్రతి మంగళవారం అంతే.

ఒకరోజు ఆవిడ దిగాక ఉండబట్టలేక అన్నాను: "అంకుల్, వంతెన ఎక్కేటప్పుడు కారు తిన్నదంతా దిగేటప్పుడు తిరిగి రాదు. బరువు పెరిగితే మనకి నష్టమే."

"తెలుసురా. ఆవిడ దగ్గర మాత్రం అనకు. మళ్ళీ నడుస్తుంది."

"మరి నన్నెందుకు ఎక్కించుకున్నారు?"

"కాలేజీ మానేసి గోడకేసి చూస్తూ కూర్చున్నావని మీ అమ్మ చెప్పింది."



మరుసటి మంగళవారం తబితమ్మ గారు రొప్పుతూ ఓ మూట తెచ్చి సీటు మీద పెట్టారు. విప్పితే రుబ్బురోలు పొత్రం.

"నా ఒక్కదాని బరువు చాలదేమోనండి."

లాజరు గారు పొత్రాన్ని చూశారు, నన్ను చూశారు. "దీన్ని రోజూ మొయ్యకండమ్మా. కార్లోనే ఉండనివ్వండి."

అప్పట్నుంచి ఆ పొత్రం గోదావరి చూస్తూ తిరుగుతోంది. ఆవిడ పచ్చడి పక్కింటి మిక్సీలో. వంతెన దిగేటప్పుడు వెనకనుంచి అడుగుతారు, "వస్తోందాండీ?"

లాజరు గారికంటే ముందు నేనే చెబుతాను. "వస్తోందండి. బాగా వస్తోంది."