రమణమూర్తి గారి నాలుగు గన్నేర్లు

కంచరపాలెంలో రమణమూర్తి గారి ఎదుట ‘గన్నేరు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టుకుని బయటపడినవారు లేరు. పోర్టు కార్యాలయంలో ఉత్తరాలకు శుద్ధప్రతులు రాసి పదవీ విరమణ చేసిన ఆ పెద్దమనిషి, చేతికర్ర అడ్డుపెట్టి, “ఏ గన్నేరు?” అని అడిగి తీరేవారు. బిళ్ళగన్నేరా, దేవగన్నేరా, ఎర్రగన్నేరా, పచ్చగన్నేరా అన్నది తేలేవరకు ఎదుటివారికి విముక్తి లేదు.

ఒకనాడు భార్య తాయారు పూజకు గన్నేరు పూలు తెమ్మని ఆయనను పూర్ణా మార్కెట్టుకు పంపింది. ఏ గన్నేరో చెప్పలేదని గుర్తుకువచ్చి ఆయన దారిలోనే బస్సు దిగి వెనక్కి వచ్చారు. ఆవిడ అప్పటికే మందారాలతో పూజ ముగించి, ప్రసాదం కూడా ఆరగించింది.

వీధిలో చేపలమ్మే గంగాలమ్మకు ఆయన్ని చూస్తే నవ్వూ, భయమూ రెండూను. ఆ ఉదయం మాత్రం నవ్వే ఓపిక లేదు. సుగరు ఎక్కువై కళ్ళు తిరుగుతున్నాయి. గన్నేరాకు కషాయం తాగితే తగ్గుతుందని రేవులో ఎవరో చెప్పగా, రైలుకట్ట పక్కన ఆకు కోసి కొంగున ముడివేసుకుని వస్తోంది. కర్ర అడ్డుపడింది.

“కొంగులో ఏమిటమ్మా?”

“గన్నేరాకు బాబూ. సుగరుకి.”

“ఏ గన్నేరు?”

“గన్నేరంటే గన్నేరే. ఏదయితే ఏటి? తప్పుకోండి, సేపలు పాడైపోతాయి.”

ఆయన తప్పుకోలేదు. ఆమె బతిమాలింది, తిట్టింది, గంప ఆయన పాదాల మీదనే దించుతానని బెదిరించింది. కర్ర కదలలేదు. చివరకు విసిగి ముడి విప్పింది. సన్నని పొడవాటి ఆకులు, తుంచిన చోటల్లా తెల్లని పాలు. రమణమూర్తి గారి ముఖంలో రంగు మారింది.

“ఇది పచ్చగన్నేరు. నీకు చెప్పినవారి మనసులో ఉన్నది బిళ్ళగన్నేరు కావచ్చును. అదైనా వైద్యుణ్ణి అడగనిదే తాగరాదు. ఇది తాగితే గుండె ఆగిపోతుంది. ముందు ఆస్పత్రికి వెళ్ళు.”

గంగాలమ్మ ఆయన ఇంటి అరుగు మీద కూలబడింది. కొంగులోని ఆకంతా కాలవలోకి దులిపేసింది.

“ఆస్పత్రికి నానెల్తే ఈ సేపలెవులమ్ముతారు బాబూ?”

ఆయన జన్మలో చేపను తాకి ఎరుగరు. ఒకసారి గంప వైపు, ఒకసారి తాయారు నిలబడ్డ కిటికీ వైపు చూశారు. అటుపిమ్మట కండువా ముక్కుకు బిగించి కట్టుకుని, గంప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

“నీవు వెళ్ళి రావమ్మా.”

మధ్యాహ్నం మందులతో తిరిగివచ్చిన గంగాలమ్మకు వీధి మొదట్లోనే ఆయన గొంతు వినబడింది: “చేపలండీ, తాజా చేపలు. దయచేయవలెను.” గంప అడుగున గుప్పెడు మెత్తళ్ళు మాత్రం మిగిలాయి. ముక్కుకు కట్టిన కండువా ఎప్పుడో మెడలోకి జారిపోయింది.

వైద్యుడు మళ్ళీ ఎప్పుడు రమ్మన్నాడని ఆయన అడిగారు.

“వచ్చే నెల రమ్మన్నారు బాబూ.”

“అంత ఆలస్యమా?” అన్నారు రమణమూర్తి గారు, కొంత నిరాశతో.