నర్సింగు చదువుతూ నేనే పేషెంటునైన ఏడాది

ఆ రోజు వార్డు డ్యూటీ అయ్యాక హాస్టల్‌కు నడిచి వస్తున్నాం. నా కుడికాలి చెప్పు దారిలో ఎక్కడో జారిపోయింది. ఆ సంగతే నాకు తెలియలేదు. వెనక వస్తున్న నా క్లాస్‌మేట్ మౌనిక దాన్ని చేత్తో పట్టుకొని పరుగెత్తుకొచ్చింది.

"ఏందే రవళీ, చెప్పు ఊడిపోయినా సోయి లేదా నీకు?"

నవ్వి తొడుక్కున్నాను. కానీ కాలు నేలకు ఆనినట్టే లేదు. దూది మీద నడుస్తున్నట్టుంది.

అప్పుడు నేను కరీంనగర్‌లో బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం. మాది మందమర్రి. బాపు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. నన్ను నర్సుగా చూడాలన్నది ఆయన కోరిక. నాకంటూ వేరే కోరిక ఏదీ లేదు కాబట్టి చేరాను. మొదటి ఏడాది పుస్తకాలతో గడిచింది. రెండో ఏడాది వార్డుల్లోకి వెళ్లాక మనసు నిలవలేదు. పుండుకు డ్రెస్సింగ్ చేస్తే ఆ రోగి మూలుగు సాయంత్రందాకా చెవుల్లోనే ఉండేది. మెస్సులో అన్నం కలుపుకోబోతే వార్డు వాసన గుర్తొచ్చి చెయ్యి కడిగేసేదాన్ని. ఇది నాకు సరిపడే పనేనా అని రోజూ అదే ఆలోచన. మానేస్తానని అవ్వకు ఫోనులో చెప్పాను. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం. బాపుతో ఎలా చెప్పాలో తెలియక ఆగాను.

కాళ్ల తిమ్మిరి రెండు రోజుల్లో మోకాళ్లదాకా వచ్చింది. అంతకుముందు మోషన్స్ అయి తగ్గాయి. ఆ నీరసమే అనుకున్నాను. మెట్లెక్కబోయి కూలబడితే మౌనిక ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూశారు. కాలు కదలలేదు. మళ్లీ కొట్టారు.

"రిఫ్లెక్సెస్ లేవు. ఈ మధ్య మోషన్స్ గానీ, జ్వరం గానీ వచ్చినయామ్మా?"

వచ్చాయన్నాను. వెన్నులోంచి నీరు తీసే ఎల్‌పీ పరీక్ష చేశారు. తీగలు పెట్టి నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. గులియన్ బారే సిండ్రోమ్, అంటే జీబీఎస్ అన్నారు. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణశక్తే నరాల మీద దాడి చేస్తుందట. ఆ పేరు నేను పాఠంలో చదివినదే. చదివినందుకు ధైర్యం రాలేదు సరికదా, తర్వాత ఏం జరగవచ్చో తెలిసి భయం రెట్టింపైంది. బలహీనత పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాలదాకా రావచ్చు.

వచ్చింది. ఐవీఐజీ మందు డ్రిప్‌లో ఎక్కుతుండగానే చేతులు పడిపోయాయి. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేవారు. ప్రతిసారీ ముందటికంటే తక్కువ అంకె దగ్గరే ఊపిరి అయిపోయేది. చివరికి డాక్టరు, కబురందుకొని వచ్చిన బాపుతో, "వెంటిలేటర్ పెట్టాలె. ఆలస్యం చేయొద్దు" అన్నారు. బాపు ముఖం చూశాను. వెంటనే సంతకానికి కాగితం అడిగాడు.

ఐసీయూలో నాకు స్పృహ ఉండేది. అదే కష్టం. వేలు కూడా కదలదు, నోట్లో ట్యూబు, కానీ మనసుకు మాత్రం ఒక్క క్షణం నిలకడ లేదు. పైన ఫ్యాన్, మానిటర్ చప్పుడు, ఎవరో వచ్చే అడుగులు. వస్తున్నది నా కోసమా కాదా అని ప్రతిసారీ లెక్కలు. ముక్కు దురద పెడితే ఎవరికీ చెప్పలేను.

ఒక నర్సు నన్ను పక్కకు తిప్పేటప్పుడు తోటి నర్సుతో ఎవరిదో పెళ్లి ముచ్చట చెప్పేది. నా చెయ్యి కింద మడతపడి నలుగుతున్నా చూసేది కాదు. సుజాత సిస్టర్ అలా కాదు. ముందు నా కళ్లలోకి చూసేది.

"రవళీ, ఎడమపక్కకు తిప్పుతున్న. జర నొస్తది. మస్తు నొస్తే కండ్లు మూసి తెరువు, ఆగుత."

చెప్పినట్టే ఆగేది.

మొదటి నర్సు మీద నాకు పట్టరాని కోపం వచ్చేది. అలా కాదు, ముందు భుజం కింద చెయ్యి పెట్టాలి, తర్వాత నడుము, షీటు మడతలు లాగాలి అని లోపల్లోపల అరిచేదాన్ని. నేను చదవను, మానేస్తాను అనుకున్న పనిని ఎవరో సరిగా చేయకపోతే నాకెందుకింత మంట? ఆ ప్రశ్న వదల్లేదు.

ట్యూబు తీస్తామన్న రోజే జ్వరం వచ్చింది. చెస్ట్ ఇన్ఫెక్షన్ అన్నారు. యాంటీబయాటిక్స్ మార్చారు. ట్యూబు ఇంకొన్నాళ్లు ఉండిపోయింది. అది తీసిన రోజు గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. అవ్వ చెవి పెట్టి వింటే, "చాయ్" అన్నానట. ఆమె ఏడుస్తూ నవ్వింది.

వార్డుకు మార్చాక పక్క బెడ్డులో రాజవ్వ అనే పెద్దావిడ ఉండేది. పక్షవాతం. ఒకరోజు మధ్యాహ్నం ఆమె కూతురు పడుకోబెట్టే నీళ్లు తాగించబోయింది. రాజవ్వకు పొలమారింది. నా గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. ఉన్న బలమంతా పెట్టి అరిచాను.

"అక్కా, ఆగు! లేపి కూసోబెట్టు! తల ముందుకు వంచు! సిస్టర్‌ను పిలువుండ్రి!"

సిస్టర్ వచ్చి గొంతులో అడ్డుపడ్డ నీళ్లు లాగే సక్షన్ పెట్టింది. ముసలమ్మ తేరుకుంది. నాకు ఒళ్లంతా చెమటలు పట్టాయి. అవ్వ నా నుదురు తుడుస్తూ అడిగింది. "మానేస్త అంటివి గదనే?"

రాజవ్వ వీపు కింద ఇంకో దిండు పెట్టమని ఆమె కూతురికి చెప్పాను. 

డిశ్చార్జికి ముందు బాపు నా మంచం పక్కన కూర్చున్నాడు. "ఇగ చాలు బిడ్డా. గా నర్సింగు వద్దు. ఇంటికాడ ఉండి ఏదన్న డిగ్రీ చదువుకో. నీకు గది ఇష్టం లేదని మీ అవ్వ చెప్పింది. నేనే జబర్దస్తి చేసిన."

ఏడాదిగా నేను కోరుకున్న మాట అది. సంతోషం రావాలి. రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు సుజాత సిస్టర్ చూడడానికి వచ్చింది. "సిస్టర్, మీకు గీ పని ఇష్టమేనా?" అని అడిగాను.

"రోజూ ఎట్లుంటదే ఇష్టం? కొన్ని దినాలు ఎందుకచ్చిన అని అనిపిస్తది. నేను ఒక్కటే సూసుకుంట. ఇంటికి పోయినంక అన్నం తినగలుగుతున్ననా? పొద్దుగాల మళ్ల రాగలుగుతున్ననా? రెండూ అయితున్నయి. అందుకే ఉన్న."

"నాకు అన్నం పోకపోయేది."

"మొదట్ల నాకు గూడ పోలే. కొందరికి ఎన్నటికీ పోదు. గసుంటోళ్లు వేరే పని సూసుకుంటేనే మంచిది. నువ్వేందో నువ్వే సూసుకోవాలె."

మందమర్రిలో ఫిజియోథెరపీతో చాలా నెలలు గడిచాయి. గోడ పట్టుకొని, తర్వాత వాకర్‌తో, తర్వాత అవ్వ భుజం మీద చెయ్యి వేసి నడిచాను. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. ఈ చేతులతో ఇంజెక్షన్ ఏం చేస్తానని ఏడ్చిన రోజులున్నాయి. చివరికి బాపుతో, "ఒక్క సెమిస్టర్ పోయి సూస్త. అన్నం తినకుంటే నేనే వాపస్ వస్త" అన్నాను. ఆయన నా ఆస్పత్రి ఫైలు తీసి ముందు పెట్టుకున్నాడు. తర్వాత, "పోయే ముందు గా డాక్టర్‌నడుగుదాం" అన్నాడు. డాక్టరు సరేనన్నారు, బరువులు ఎత్తొద్దన్నారు.

జూనియర్లతో కలిసి చదివాను. మొదటి వారం మెస్సులో సగం అన్నం వదిలేశాను. నెల తిరిగేసరికి తినగలిగాను. మూలుగులు ఇప్పటికీ వినిపిస్తాయి. కానీ విని పారిపోవాలనిపించడం తగ్గింది. వెళ్లి దిండు సర్దాలనిపించడం మొదలైంది.

ఇప్పుడు మంచిర్యాలలో ఒక ఆస్పత్రిలో మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సును. ఎడమ పాదం సాయంత్రానికి బరువెక్కుతుంది. పట్టీ ఉన్న బూట్లే వేసుకుంటాను. ఒంటరిగా ఎవరినీ ఎత్తను, ఇంకొకరిని పిలుస్తాను. తప్పు చేశానా అన్న ఆలోచన కొన్ని ఉదయాలు బస్సులో నాతోపాటే వస్తుంది. వార్డులోకి అడుగుపెట్టాక దానికి తీరిక దొరకదు.

నర్సింగులో చేరాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లకు ఒక్కటే చెబుతాను. మీ చుట్టాల్లో ఎవరైనా ఆస్పత్రిలో ఉంటే, అటెండెంటుగా పొద్దున్నుంచి సాయంత్రందాకా వాళ్ల దగ్గర ఉండండి. తుడవండి, తినిపించండి, బెడ్‌పాన్ పెట్టండి, తీయండి. వాళ్లు విసుక్కుంటే పడండి. ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం ముందు కూర్చోండి. మర్నాడు మళ్లీ వెళ్లగలరా అని మిమ్మల్ని మీరే అడగండి. వెళ్లలేమనిపిస్తే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ మాట ఇంట్లో ఆ రోజే చెప్పేయండి.